రెండో వరుసలోని రసికులు

ఒక ప్రయోగం సిద్ధించిందో లేదో చెప్పవలసినది ఎవరు? ఆడినవాడా, ఆడించినవాడా, చూసినవాడా? భరతముని ఈ ప్రశ్నను తేలికగా వదిలిపెట్టలేదు. నాట్యశాస్త్రంలో ఇరవై ఏడవ అధ్యాయాన్ని దీనికే కేటాయించాడు. సిద్ధి మానుషమనీ, దైవికమనీ రెండు విధాలన్నాడు. మానుష సిద్ధి ప్రేక్షకుల నోటివల్ల, ఒంటివల్ల తెలుస్తుంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు' అనడం, 'అహో' అనడం, శోకఘట్టంలో 'కష్టం' అనడం - ఇవి వాక్కుకు సంబంధించినవి. ఒళ్ళు గగుర్పొడవడం, కూర్చున్నచోటినుంచి లేవడం, ఒంటిమీది బట్ట తీసి బహూకరించడం - ఇవి శరీరానికి సంబంధించినవి. ఇక సభ నిండుగా ఉండి, చప్పుడు గాని కలత గాని లేకుండా సాగిపోతే అది దైవిక సిద్ధి.

భాషాప్రవీణ చదివే రోజులలో ఈ పట్టికను కంఠస్థం చేశాము. మార్కులు కూడా బాగానే వచ్చాయి. కూర్చున్నవాడు ఎందుకు లేస్తాడు, లేచి ఎక్కడికి పోతాడు అన్నది పరీక్షకు అక్కరలేదు గనుక ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగవిరమణ తరువాత, వినికిడి శక్తి సరిగా ఉండగానే లోకంలోని సంగీతాలు కొన్నింటినైనా వినాలన్న కోరిక కలిగి, ఒక్కొక్కటే వింటూ, వాటి చరిత్ర చదువుతూ వస్తున్నాను. ఆ క్రమంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరపు సంప్రదాయ జాజ్ దగ్గర ఆగిపోయాను. సంగీతం ఎంత ఆకర్షించిందో, ఆ సంగీతాన్ని మెచ్చుకొనే పద్ధతి అంతకంటె ఎక్కువగా ఆకర్షించింది. అక్కడ శ్రోతలు లేచి ఎక్కడికి పోతారో స్పష్టంగా తెలుస్తుంది. బ్యాండు వెంట పోతారు. మిత్రులు ఓపికతో చదివితే, ఆ మెచ్చుకోలు చరిత్రను నాకు అర్థమైనంతమేరకు చెబుతాను.

ముందుగా ఈ సంగీతపు స్వరూపం గురించి రెండు మాటలు. సంప్రదాయ జాజ్ బృందంలో ట్రంపెట్టో, దాని చిన్న చెల్లెలైన కార్నెట్టో పాట వరుసను పట్టుకొని నడుస్తుంది. క్లారినెట్టు దానికి పైన తీగలా అల్లుకుంటుంది. ట్రాంబోను కింద నుంచి జారుతూ, గుర్రుమంటూ బలమిస్తుంది. వీథిలో అయితే ట్యూబా, పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము. ఇంటిలోపల అయితే బ్యాంజో, పియానో, నిలువెత్తు బాస్ ఫిడేలు. మన కచేరీలో మనోధర్మం ఒకరి తరువాత ఒకరికి వంతుగా వస్తుంది. అక్కడ ముగ్గురు ఒకేసారి మనోధర్మం చేస్తారు; అయినా ఒకరి కాలు ఒకరు తొక్కరు. మొదటిసారి వింటే సంతలో నిలబడినట్లుంటుంది. పది సార్లు వింటే అందులో ఎవరి మాట వారిదిగా వినిపిస్తుంది.

న్యూ ఆర్లియన్స్ మిసిసిపీ నది ఒడ్డున 1718లో ఫ్రెంచివారు కట్టిన ఊరు. కొంతకాలం స్పెయిన్ ఏలుబడిలో ఉండి, 1803లో లూయిజియానాతో పాటు అమెరికాకు అమ్ముడుపోయింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఆదివారాలలో కాంగో స్క్వేర్ అనే మైదానంలో కూడి, తమ డోళ్ళు వాయించుకొని ఆడేవారు. 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో, ఆ తరువాతా సైనిక బ్యాండ్ల పద్ధతి ఊరిలో బాగా వ్యాపించింది. ఆ ఇత్తడి వాద్యాలు నల్లజాతివారి చేతులకు వచ్చాయి. మన పెళ్ళిళ్ళలో ఎర్రకోటు, జరీ టోపీ పెట్టుకొని వచ్చే బ్యాండుమేళం కూడా తెల్లవారి పటాలపు బ్యాండుకు మనుమడే కదా! తాత ఒకడే, మనుమలు ఇద్దరూ రెండు ఖండాలలో తమ తమ అమ్మమ్మల భాష మాట్లాడారు.

ఆ బ్యాండ్లను పోషించినది రాజులు కారు, జమీందార్లు కారు. బీమా కంపెనీలు నల్లవారిని దరిచేరనీయని కాలంలో వారు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకొన్నారు. సభ్యుడు చందా కడితే జబ్బుపడినప్పుడు వైద్యుడు వస్తాడు, చనిపోతే గౌరవంగా ఖననం జరుగుతుంది. 1884లో ఏర్పడిన యంగ్ మెన్ ఒలింపియన్ సంఘం అటువంటిది. 1909 నాటికి నడుస్తున్న జులూ సంఘం మరొకటి. సంఘసభ్యుని శవయాత్రకు, సంవత్సరానికొకసారి జరిగే ఊరేగింపుకు బ్యాండును కుదుర్చుకొనడం ఆనవాయితీ. డబ్బిచ్చి పిలిపించిన సంఘమూ, బ్యాండూ మొదటి వరుస. పిలవకుండానే వచ్చి వెనుక నడిచే జనం రెండో వరుస. 'సెకండ్ లైన్' అని వారికి పేరు. ఆ పేరే క్రమంగా వారు వేసే అడుగుకూ, ఆ అడుగుకు తగిన తాళానికీ, చివరికి ఆ ఊరేగింపుకే పేరయింది. శ్రోతల పేరు సంగీతానికి అంటుకొనడం ఎంత విశేషం!

శవయాత్రలో ఈ రెండో వరుస చేసే పని గమనించదగినది. శ్మశానానికి వెళ్ళేటప్పుడు బ్యాండు విలంబకాలంలో ప్రార్థనాగీతాలు వాయిస్తుంది. చిన్న డ్రమ్ము అడుగున ఉండే తీగలు మోగకుండా చేతిరుమాలు దోపుతారు. శబ్దం మూగబోయి గుండెమీద కొట్టుకొన్నట్లు వినిపిస్తుంది. వెనుకనున్నవారు మౌనంగా నడుస్తారు. శరీరాన్ని సాగనంపడం అయిన తరువాత కొంతదూరం వచ్చి, డ్రమ్ములోని రుమాలు తీసివేస్తారు. ఒక్క ఉరుము వంటి దరువు. ట్రంపెట్టు పిలుస్తుంది. అంతే, రుమాళ్ళు గాలిలోకి లేస్తాయి, అలంకరించిన గొడుగులు తెరుచుకొంటాయి, వీథి వీథంతా ఆడుతుంది. భరతుడు 'కష్టం' అనడాన్నీ, 'అహో' అనడాన్నీ ఒకే పట్టికలో చేర్చాడు. ఒకే జనం, ఒకే పూటలో, ఒకే బ్యాండుకు ఆ రెండూ సమర్పించడం ఇక్కడ చూస్తాము. మన ఊళ్ళలోనూ పండుముసలివారు పోతే డప్పులతో, చిందులతో సాగనంపడం ఉన్నదే గనుక, ఈ ఆచారాన్ని చూసి మనకు వింత కలగనక్కరలేదు. ఒళ్ళు గగుర్పొడవడం మాత్రం తప్పదు.

రెండో వరుస వట్టి అనుచరులు కారు, న్యాయాధిపతులు కూడా. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో నాట్యశాలలవారు తమ ఆటల ప్రచారానికి బ్యాండును గుర్రపు బండిమీద ఎక్కించి వీథులు తిప్పేవారు. రెండు బండ్లు ఒకే కూడలిలో ఎదురైతే పోటీ మొదలయ్యేది. ఓడిపోయినవారు జారుకొనకుండా బండి చక్రాలను ఒకదానితో ఒకటి కలిపి కట్టేవారని ఆనాటి వాద్యకారులు ముసలితనంలో చెప్పుకొన్నారు. తీర్పు ఇచ్చేది చుట్టూ మూగిన జనమే. ఎవరికి కేకలు ఎక్కువైతే వారిది జయం. బడ్డీ బోల్డెన్ అనే కార్నెట్టు వాద్యకారుని 'రాజు' అన్నది ఆ జనమే. ఏ సంస్థా ఇవ్వని బిరుదు అది. 1907లో మతి చలించి అతడు ఆసుపత్రి పాలైనాడు. 1931లో అక్కడే మరణించాడు. అతడు వాయించిన ఒక్క రికార్డు కూడా మనకు దక్కలేదు. అతని కీర్తి అంతా విన్నవారి మాటలలోనే మిగిలింది. చాటువులలో మిగిలిన కవులవంటివాడు. బోల్డెన్ తరువాత ఆ రాజ బిరుదు జో ఆలివర్‌ను వరించింది. 'కింగ్ ఆలివర్' అని ఇప్పటికీ రికార్డుల మీద చూస్తాము.

1917 మార్చిలో ఈ సంగీతపు తొలి రికార్డు వెలువడింది. దానిని చేసినవారు తెల్లవారి బృందం. నేర్పినవారికంటె నేర్చినవారికి ముందుగా అచ్చు దక్కడం మనకు తెలియని సంగతి కాదు. ఆలివర్ షికాగో చేరాడు. 1922లో తన శిష్యప్రాయుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను అక్కడికి పిలిపించుకొన్నాడు. ఆపైన జరిగినది ప్రపంచమంతటికీ తెలిసిన కథ గనుక దానిని విడిచిపెడుతున్నాను.

నా ఆసక్తి అంతా ఊరు విడిచి వెళ్ళనివారి మీద. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చింది. పెద్ద పెద్ద వాద్యబృందాల 'స్వింగ్' సంగీతం దేశాన్ని ముంచెత్తింది. న్యూ ఆర్లియన్స్‌లో మిగిలినవారు పగలు కూలి చేసి, రాత్రి పేటలలోని నాట్యశాలల్లో వాయించారు. జార్జ్ లూయిస్ అనే క్లారినెట్టు విద్వాంసుడు ఓడరేవులో మూటలు మోసేవాడు. బంక్ జాన్సన్ అనే ట్రంపెట్టు వాద్యకారుడు న్యూ ఐబీరియా అనే చిన్న ఊరికి చేరి, వ్యవసాయపు పనులు చేసి పొట్టపోసుకొన్నాడు. 1931లో ఈ ఇద్దరూ ఉన్న బృందం ఒక ఊరి నాట్యశాలలో వాయిస్తుండగా ఒకడు వేదిక మీదికి వచ్చి బృందనాయకుడు ఎవన్ థామస్‌ను పొడిచి చంపాడు. ఆ గందరగోళంలోనే బంక్ ట్రంపెట్టు ధ్వంసమైంది. తరువాత పళ్ళూ పోయాయి. ట్రంపెట్టు ఊదేవానికి ముందుపళ్ళు లేకపోవడమంటే గాయకునికి గొంతు పోవడమే.

ఇక్కడ కొత్తరకం రసికులు ప్రవేశిస్తారు. వీరు రెండో వరుసలో నడిచినవారు కారు. పాత రికార్డులు సేకరించే చదువుకున్న తెల్ల యువకులు. 'జాజ్‌మెన్' అనే పుస్తకం కోసం పాతతరం వివరాలు వెదుకుతుంటే బంక్ జాన్సన్ పేరు తగిలింది. ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. పళ్ళూ, ట్రంపెట్టూ ఉంటే తాను మళ్ళీ వాయించగలనన్నాడు. పుస్తకం 1939లో వచ్చింది. రసికులు చందాలు వేసుకొన్నారు. పళ్ళసెట్టు తయారుచేసిన దంతవైద్యుడు లెనార్డ్ బెషే. ఆయన ప్రసిద్ధ క్లారినెట్టు విద్వాంసుడు సిడ్నీ బెషేకు అన్నగారు. 1942లో బంక్ తొలి రికార్డు చేశాడు. 1945లో న్యూయార్కులోని స్టైవెసెంట్ కేసినో అనే హాలులో అతని బృందం వాయించింది. జార్జ్ లూయిస్ క్లారినెట్టు, జిమ్ రాబిన్సన్ ట్రాంబోను, బేబీ డాడ్స్ డ్రమ్ములు. స్వయంగా స్వరకర్త అయిన పత్రికా విమర్శకుడు వర్జిల్ థామ్సన్ వంటివాడు మెచ్చుకొంటూ రాశాడు.

శ్రోతలు చందాలెత్తి ఒక కళాకారునికి పళ్ళు కట్టించిన కథ నేను మరెక్కడా చదవలేదు. మన సంస్థానాధీశులు కవులకు అగ్రహారాలిచ్చారు, గండపెండేరాలు తొడిగారు, కనకాభిషేకాలు చేశారు. నమలడానికి పళ్ళిచ్చినవారిని మాత్రం నేనెరుగను. భరతుని పట్టికలో 'వస్త్రం ఇవ్వడం' పక్కన దీనినీ చేర్చవచ్చు.

అయితే ఈ కథకు రెండో పక్క ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. మెచ్చినవారు తమకు కావలసిన బంక్‌ను మెచ్చారు. వారికి 1910 నాటి న్యూ ఆర్లియన్స్ కావాలి. కాలం తాకని, కలుషితం కాని సంగీతం కావాలి. బంక్ కూడా తక్కువవాడు కాదు. వారికేమి కావాలో గ్రహించి, తన వయస్సును పదేళ్ళు పెంచి చెప్పాడనీ, బోల్డెన్ బృందంలో వాయించానన్న మాటకు ఆధారం చాలదనీ తరువాతి పరిశోధకులు తేల్చారు. కాని వాయించే దగ్గర మాత్రం అతనికి తనదైన అభిరుచి ఉంది. ఆనాడు రేడియోలో వినవచ్చే కొత్త పాటలు అతనికి ఇష్టం. స్వరలిపి చదివి వాయించే శిక్షితులైన సహవాద్యకారులు కావాలని అతని పట్టు. రసికులు జతకూర్చిన బృందం మీద అతనికి సదభిప్రాయం లేదు. 1947లో తాను కోరుకొన్న మనుషులతో, తాను కోరుకొన్న పాటలతో - పాత రాగ్‌టైమ్ రచనలు, వాటితో పాటు సామాన్య జనాదరణ పొందిన పాటలు - రికార్డులు చేశాడు. అవి అతడు బ్రతికి ఉండగా విడుదల కాలేదు. 1949లో న్యూ ఐబీరియాలోనే కన్నుమూశాడు.

ఆ చివరి రికార్డులు నేను విన్నాను. వాటిలోని బంక్ సుఖంగా ఉన్నాడని నా చెవికి తోచింది. న్యూయార్కు రికార్డులలో ఉన్న ఒరిపిడి వీటిలో లేదు. ఆ ఒరిపిడే ఇష్టమనేవారూ ఉన్నారు.

ఊరిలోని పాత శ్రోతలు ఇటువంటి నిబంధన ఏదీ పెట్టలేదన్నది గుర్తుంచుకోవాలి. నదికి ఆవలి ఆల్జియర్స్ పేటలో ఉంటూ నాట్యశాలల్లో వాయించిన కిడ్ థామస్ బృందం వాల్ట్‌జ్ అడిగితే వాల్ట్‌జ్, సినిమాపాట అడిగితే సినిమాపాట వాయించేది. ఆడేవారికి అడుగు పడాలి, అంతే. సంప్రదాయమనే మాట వారికి అవసరం కాలేదు. సంప్రదాయంలో నిలబడినవాడు దానిని చూడడు; దూరం నుంచి వచ్చినవానికే అది సంప్రదాయంగా కనిపిస్తుంది.

దూరం నుంచి వచ్చినవారిలో నాకు అభిమానపాత్రుడు ఇంగ్లండువాడైన కెన్ కాల్యర్. ఈ సంగీతాన్ని పుట్టినచోట వినాలని, ప్రయాణానికి డబ్బు లేక, సరకు రవాణా ఓడలో పనివాడుగా చేరాడు. 1952లో అమెరికా రేవుకు చేరి, ఓడ దిగి, న్యూ ఆర్లియన్స్ వెళ్ళాడు. జార్జ్ లూయిస్ తదితరుల పక్కన కూర్చొని వాయించాడు. నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించడాన్ని చట్టమూ సమాజమూ ఒప్పుకోని రోజులవి. గడువు మీరి ఉన్నందుకు అధికారులు అతనిని నిర్బంధించి, 1953లో వెనక్కు పంపారు. స్వదేశంలో అతడు క్రిస్ బార్బర్ తదితరులతో నెలకొల్పిన బృందం, దాని నుంచి చీలిన బృందాలు, బ్రిటన్‌లో సంప్రదాయ జాజ్ వెల్లువకు మూలమైనాయి. 1960 ప్రాంతంలో అక్కడి యువకులు దీనిని 'ట్రాడ్' అని ముద్దుగా పిలుచుకొంటూ, క్లబ్బులలో తమ తమ ఊరి బృందాలకు చిందులు వేశారు. ఆకర్ బిల్క్ క్లారినెట్టు మీద వాయించిన 'స్ట్రేంజర్ ఆన్ ది షోర్' 1962లో అమెరికా జాబితాలో సైతం మొదటి స్థానానికి చేరింది. బీటిల్స్ వచ్చిన తరువాత ఆ వెల్లువ తీసింది. 1957లో జార్జ్ లూయిస్ బ్రిటన్ వెళ్ళి కాల్యర్ బృందంతో కలిసి వాయించాడు. 1963 నుంచి 1965 వరకు మూడు పర్యాయాలు జపాను పర్యటించాడు. ఒకనాడు రేవులో మూటలు మోసిన మనిషి! 1944లో అక్కడే దెబ్బతగిలి మంచం పట్టి ఉన్నప్పుడు రికార్డు చేసిన 'బర్గండీ స్ట్రీట్ బ్లూస్' అనే చిన్న రచనను జపాను శ్రోతలు మరీమరీ కోరేవారట. అతడు 1968 డిసెంబరు 31న గతించినప్పుడు, ఆచారం ప్రకారం బ్యాండ్లు నడిచాయి, వెనుక రెండో వరుస నడిచింది.

ఇక ఊరిలో ఈ సంగీతానికి ఒక గూడు దొరికిన వైనం. సెయింట్ పీటర్ వీథిలో లారీ బోరెన్‌స్టీన్ అనే చిత్రాల వ్యాపారికి ఒక పాత ఇంట్లో దుకాణం ఉండేది. సాయంత్రాలు కొట్టు వదిలి పాట వినడానికి పోలేక, వాద్యకారులనే కొట్టుకు పిలిపించుకొనేవాడు. మెక్సికో నుంచి తిరిగివస్తూ ఆ ఊరిలో ఆగిన కొత్త దంపతులు అలన్, సాండ్రా జాఫీలు ఆ సంగీతానికి ముగ్ధులై అక్కడే ఉండిపోయారు. 1961లో ఆ చోటు 'ప్రిజర్వేషన్ హాల్' అయింది. మద్యం లేదు, భోజనం లేదు, మైకు లేదు. కొన్ని బల్లలు, నేలమీద మెత్తలు. మిగిలినవారు గోడవారన నిలబడాలి. అప్పట్లో ద్వారం దగ్గర బుట్టలో తోచినంత వేసేవారు. రంగుభేదం లేకుండా జనం ఒకే నేలమీద కూర్చొన్న చోటు అది. దేశంలో పౌరహక్కుల చట్టం వచ్చినది ఆ తరువాత, 1964లో.

అక్కడ వాయించినవారంతా పండిన వయస్సువారు. స్వీట్ ఎమా బారెట్ అనే వృద్ధురాలు కాళ్ళకు మువ్వలు కట్టుకొని పియానో వాయించేది. తాళం వేస్తే గజ్జెలు మోగేవి. 1967లో పక్షవాతం వచ్చి ఒక చేయి పడిపోతే, రెండో చేతితోనే 1983లో పోయేవరకు వాయిస్తూ వచ్చింది. డీ డీ పియర్స్ చూపు కోల్పోయి కార్నెట్టు ఊదేవాడు. భార్య బిల్లీ పక్కన పియానో వాయించి పాడేది. ప్రేక్షకులు అరచేతి దూరంలో ఉండేవారు. అక్కడ దైవిక సిద్ధి కలిగేదని ఊహిస్తాను - సభ నిండుగా, నిశ్శబ్దంగా.

ఆ హాలులో ఒక చిన్న బోర్డు వేలాడేది. కోరిన పాట సంప్రదాయమైనదైతే ఒక డాలరు, ఇతరమైనదైతే రెండు డాలర్లు, 'సెయింట్స్' అయితే ఐదు డాలర్లు. తరువాత ఆ ధరలు పెరిగాయి. 'వెన్ ది సెయింట్స్ గో మార్చింగ్ ఇన్' ఒక పాత ప్రార్థనాగీతం. 1938లో ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన తరువాత జాజ్ అంటే అదే అన్నంతగా వ్యాపించింది. వచ్చిన ప్రతి యాత్రికుడూ అదే అడిగేవాడు. వాయించి వాయించి విసిగిన వృద్ధులకు ఆ ధరల పట్టీయే కవచం.

ఇది చదివినప్పుడు నాకు మన పద్యనాటకాలు జ్ఞాపకం వచ్చాయి. పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణవేషంలో పద్యం ఎత్తుకొంటే 'వన్స్‌మోర్' అనని జనం ఉండేవారా! చచ్చిపడిన పాత్ర లేచి, మళ్ళీ పద్యం పాడి, మళ్ళీ చచ్చిన కథలు మన నాటకరంగంలో కోకొల్లలు. ఆ 'వన్స్‌మోర్' నటునికి ఊపిరి. అదే కొన్నాళ్ళకు ఉరి కూడా అయింది. పద్యం చివర రాగం పెరిగింది, కథ నిలబడిపోయింది, సంభాషణ చెప్పగల నటుడు వెనుకబడ్డాడు. మనవాళ్ళెవరికీ 'ఈ పద్యానికి అయిదు రూపాయలు' అని బోర్డు కట్టే ఆలోచన తట్టలేదు!

ప్రిజర్వేషన్ హాల్ బృందం దేశాలు తిరిగింది. 2006లో అమెరికా ప్రభుత్వపు జాతీయ కళాపతకం అందుకొన్నది. గౌరవమే. కాని అప్పటికి చాలాముందే పేటలలోని కుర్రవాళ్ళకు ఇది తాతల సంగీతం, యాత్రికుల సంగీతం అయిపోయింది. దీనిని గమనించినవాడు డానీ బార్కర్. న్యూయార్కులో పెద్ద బృందాలలో బ్యాంజో, గిటారు వాయించి 1965లో స్వగ్రామం చేరినవాడు. 1970 ప్రాంతంలో ఫెయిర్‌వ్యూ బాప్టిస్టు చర్చి ఆధారంగా పిల్లలతో ఒక బ్యాండు కూర్చాడు. పాత పాటలు నేర్పాడు, నడక నేర్పాడు. ఆ పిల్లలలో చాలామంది తరువాత పేరుపొందారు. 1977లో డర్టీ డజన్ బ్యాండు, 1983లో రీబర్త్ బ్యాండు బయలుదేరాయి. వీరు కాలం పెంచారు, ట్యూబాను ఉరకలెత్తించారు, కొత్త పాటలను కలిపారు. సంప్రదాయవాదులు కొందరు ముక్కు విరిచారు. రెండో వరుస మాత్రం విరివిగా పెరిగింది. భాష మారినా ఛందస్సు మారలేదని నా అభిప్రాయం. పెద్ద డ్రమ్ము పలికే దరువులో తాతల అడుగు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. కరకట్టలు తెగి ఊరిలో అధికభాగం మునిగింది. వాద్యకారులు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. తిరిగివచ్చినవారు ఇళ్ళు కట్టుకోకముందే ఊరేగింపులు కట్టారు. తుఫాను గడిచిన కొద్దినెలలకు ఒక ఊరేగింపు దాపున కాల్పులు జరిగాయి. దానిని సాకుగా తీసుకొని నగర అధికారులు ఊరేగింపుల బందోబస్తు రుసుమును ఎన్నో రెట్లు పెంచారు. సంఘాలు కలిసికట్టుగా న్యాయస్థానానికి వెళ్ళాయి. 2007లో రాజీ కుదిరి రుసుము తగ్గింది. తమ బ్యాండు వెంట నడిచే హక్కు కోసం శ్రోతలు వ్యాజ్యం వేసి నెగ్గిన సందర్భమిది.

అదే ఏడు ట్యూబా వాద్యకారుడు కెర్విన్ జేమ్స్ మరణించాడు. ట్రెమే అనే పాత పేటలో, ఖననానికి ముందు రాత్రులలో, ఆచారం ప్రకారం మిత్రులు వాద్యాలు పట్టుకొని వీథిలోకి వచ్చారు. జనం కూడారు. అక్టోబరు తొలిరోజులలో ఒక రాత్రి, 'ఐల్ ఫ్లై అవే' అనే ప్రార్థనాగీతం సాగుతుండగా, అనుమతి లేదంటూ పోలీసులు వచ్చి చెదరగొట్టి ఇద్దరు వాద్యకారులను తీసుకొనిపోయారు. ఎవరో కొత్తగా ఆ పేటలో ఇల్లు కొనుక్కొన్నవారు చప్పుడని ఫిర్యాదు చేశారని అప్పట్లో ఊరిలో చెప్పుకొన్నారు. ఆ మరునాటి సాయంత్రం పేటవాసులు అనుమతిపత్రం తెచ్చుకొని, కెర్విన్ కోసం మళ్ళీ అదే పేటలో నడిచారు.